రాజమండ్రిలో జిమ్ పెట్టే ముందు ఏం లెక్కపెట్టుకోవాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చేసి మోరంపూడి వైపు 3000 చదరపు అడుగుల్లో జిమ్ పెడదామనుకుంటున్నావు, చేతిలో 30 లక్షలు ఉన్నాయి, మార్కెట్ అనాలిసిస్ ఎలా చెయ్యాలో తెలీట్లేదు, డబ్బులిచ్చి చేయించుకున్న రిపోర్టులో మాత్రం స్కోప్ చాలా బావుందని రాశారు. నేను కాకినాడలో చాలా ఏళ్ళుగా జిమ్ నడుపుతున్నాను, చుట్టుపక్కల ఊళ్ళలో కొత్తగా పెట్టుకునేవాళ్ళకి లెక్కలు చూసి పెడుతుంటాను కూడా, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ రిపోర్టు సంగతి. దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి సరిపడా శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది, నిజమే. దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో చెప్పింది, అదీ నిజమే. 2011 జనాభా లెక్కల్లోనే రాజమండ్రి సిటీ జనాభా మూడు లక్షల నలభై వేలు దాటింది, ఇప్పుడు ఇంకా పెరిగింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి "లక్షల మంది కస్టమర్లు" అని రాసేస్తే చూడ్డానికి బానే ఉంటుంది. కానీ కదలాల్సిన అవసరం ఉన్నవాళ్ళు వేరు, నెలనెలా డబ్బు కట్టి పొద్దున్నే అయిదున్నరకి లేచి వచ్చేవాళ్ళు వేరు. ఇంకా గట్టిగా చెప్పాలంటే ఒకసారి చేరేవాళ్ళు వేరు, నాలుగో నెల మళ్ళీ కట్టేవాళ్ళు వేరు. నువ్వు వెతకాల్సింది ఆ నాలుగో నెల కట్టేవాళ్ళు నీ బిల్డింగ్ చుట్టూ ఎంతమంది ఉన్నారా అని, మార్కెట్ అంటే నా దృష్టిలో అదే, మిగతావన్నీ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు పట్టుకోడానికి చేసే పనులే.

ఊరు మొత్తం నీ మార్కెట్ అనుకోకు. మన ఊళ్ళలో జిమ్‌కి బండి మీద పది నిమిషాల కంటే ఎక్కువ దూరం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ కాలం నిలబడరు, మొదటి నెల ఉత్సాహంగా వస్తారు, రెండో నెల వర్షం పడిందని ఆగుతారు, అంతే. అందుకని మ్యాపులో గుండ్రంగా గీత గీసేసి రెండు కిలోమీటర్లు అనుకోవడం కూడా తప్పే, ఎందుకంటే రాజమండ్రిలో గీతలు గుండ్రంగా ఉండవు. ఒకపక్క గోదావరి, కొవ్వూరు ఎదురుగా కనపడుతుంది కానీ బ్రిడ్జి దాటి రోజూ జిమ్‌కి ఎవరూ రారు. ఊరి మధ్యలోంచి రైలు పట్టాలు. ఇటుపక్క నేషనల్ హైవే 16. హైవే అవతల కాలనీ నీ బిల్డింగ్‌కి ఎనిమిది వందల మీటర్లే ఉండొచ్చు, కానీ సాయంత్రం ఏడింటికి లారీల మధ్య హైవే దాటి రావాలంటే ఆడవాళ్ళు అసలు రారు, మగవాళ్ళు కూడా ఇంటివైపు ఏదైనా ఉంటే అందులోకే పోతారు. నువ్వు బండేసుకుని పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, బిల్డింగ్ నుంచి నాలుగు దిక్కులకీ పది నిమిషాలు వెళ్ళి ఎక్కడిదాకా చేరావో గుర్తు పెట్టుకో. ఆ నాలుగు చుక్కలు కలిపితే వచ్చేదే నీ ఊరు. పొద్దునదీ సాయంత్రందీ వేరువేరుగా వస్తాయి, చిన్నది తీసుకో.

ఆ గీత లోపల ఇళ్ళు లెక్కపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ల లెక్క వాచ్‌మన్ చెప్తాడు, వీధులకి సుమారుగా వేసుకో, వార్డు లెక్కలు కార్పొరేషన్‌లో దొరుకుతాయి. ఉదాహరణకి 9000 ఇళ్ళు వచ్చాయనుకో. (ఇవి నేను లెక్క చూపించడానికి వేసుకున్న అంకెలు, మోరంపూడివి కాదు, నువ్వు నీవి పెట్టుకో.) ఇంటికి మూడున్నర చొప్పున 31,500 మంది, అందులో 18 నుంచి 45 మధ్యవాళ్ళు నలభై అయిదు శాతం అనుకుంటే పద్నాలుగు వేలు. వాళ్ళలో తన ఒంటి కోసం నెలకి వెయ్యి రూపాయలు పక్కన పెట్టగలిగినవాళ్ళు మూడో వంతు, అంటే 4,700. వాళ్ళలో నిజంగా జిమ్‌లో ఉండేవాళ్ళు ఎనిమిది మందిలో ఒకరు, సుమారు 590. ఈ ఎనిమిదిలో ఒకరు అనేది మన జిల్లా ఊళ్ళలో నేను చూసినదాన్ని బట్టి వేసుకునే అంచనా, హైదరాబాద్‌లో కొండాపూర్ గచ్చిబౌలి వైపు చూసి వచ్చిన కళ్ళకి ఇది తక్కువ అనిపిస్తుంది, కానీ అక్కడ ఒంటరిగా ఉండే ఉద్యోగస్తులు ఎక్కువ, ఇక్కడ పెళ్ళయ్యి పిల్లల ఫీజులు కట్టుకునే ఇళ్ళు ఎక్కువ, ఫీజు కట్టే ముందు ఇంట్లో అడగాలి.

ఇప్పుడు ఆ 590 మందిలో ఇప్పటికే ఎంతమంది వేరే జిమ్ముల్లో ఉన్నారు? ఇక్కడే అందరూ గూగుల్ మ్యాప్స్‌లో జిమ్ అని కొట్టి ఎన్ని వచ్చాయో రాసేసుకుంటారు. పేర్ల లెక్క దేనికీ పనికిరాదు తమ్ముడూ, మూతపడినవి కూడా మ్యాపులో ఉంటాయి, బోర్డు లేకుండా రెండో అంతస్తులో నూటయాభై మందితో నడిచేవి మ్యాపులో ఉండవు. నువ్వు మనుషుల్ని లెక్కపెట్టాలి. మంగళవారం గానీ బుధవారం గానీ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఆ జిమ్ ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చో, లోపలికి వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టు. నెల మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కూడా. సోమవారం వద్దు, సోమవారం అందరూ వస్తారు, శనివారం ఎవరూ రారు. కరెక్టుగా ఫీజు కట్టి ఉన్న మెంబర్లలో ఒక మామూలు రోజు వచ్చేది నలభై నలభై అయిదు శాతమే, అంటే పొద్దునా సాయంత్రం కలిపి 70 మంది కనపడితే లైవ్ మెంబర్లు 155 నుంచి 175 మధ్య ఉన్నట్టు. వాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టుకునే "వెయ్యి మంది మెంబర్లు" మొదలుపెట్టిన దగ్గర్నుంచి చేరినవాళ్ళందరి లెక్క, దాన్ని పట్టించుకోకు.

తర్వాత ప్రతి జిమ్‌లోకీ కస్టమర్‌లాగా వెళ్ళు, ఒకరోజు పాస్ డబ్బులిచ్చి తీసుకుని చెయ్యి, అది వాళ్ళకీ మర్యాద. నెలకి ఎంత, మూణ్ణెల్లకి ఎంత, ఏడాదికి ఎంత అని అడిగి, "ఆలోచించుకుని చెప్తానండి" అని లేచి చూడు. లేవగానే రేటు ఎంత పడిందో అదే వాళ్ళ అసలు పరిస్థితి. నెలకి 1,200 అన్నవాళ్ళు ఏడాదికి అయిదు వేలకే ఇచ్చేస్తానంటే అద్దె కట్టడానికి చేతిలో డబ్బు ఆడట్లేదని అర్థం. ఇలాంటివి నీ గీత లోపల రెండుంటే ఆ ఏరియాలో రేటు ఇప్పటికే పాడైపోయింది, నువ్వు ఎంత మంచి మెషిన్లు పెట్టినా జనం "అక్కడ అయిదు వేలే కదండీ" అంటారు. అదే రేటు తగ్గించకుండా, వెయిటింగ్ లేకుండా స్క్వాట్ ర్యాక్ (బరువు భుజాన పెట్టుకుని గుంజీళ్ళు తీసే స్టాండు) దొరకనంత రద్దీ ఉంటే అక్కడ నీకు చోటుంది. లోపల ఉన్నప్పుడు కేబుళ్ళు తెగి ఎన్నాళ్ళయ్యిందో, ఎన్ని ట్రెడ్‌మిల్స్ మీద పని చెయ్యడంలేదని కాగితం అంటించారో, బాత్రూం ఎలా ఉందో, ట్రైనర్ ఫోన్ చూస్తున్నాడా మనిషిని చూస్తున్నాడా అన్నీ గమనించు. గూగుల్ రివ్యూల్లో అయిదు స్టార్లు ఒక్క స్టార్లు వదిలేసి రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళవి కొత్తవి చదువు, కోపం లేకుండా నిజం రాసేది వాళ్ళే.

ఇంకో మాట, జిమ్ ఓనర్లు చెప్పని విషయాలు తెలిసినవాళ్ళు ఊళ్ళో నలుగురుంటారు. మెషిన్లు సర్వీస్ చేసే మెకానిక్, ఏ జిమ్ వాడు డబ్బులు బాకీ ఉన్నాడో అతనికి తెలుసు. ప్రోటీన్ పౌడర్లు అమ్మే షాపాయన, ఏ ఏరియా కుర్రాళ్ళు ఎంత ఖర్చు పెడుతున్నారో ఆయనకి తెలుసు. సెకండ్ హ్యాండ్ మెషిన్లు కొని అమ్మేవాళ్ళు, గత రెండేళ్ళలో ఎన్ని జిమ్ములు సెట్ మొత్తం అమ్మేశాయో వాళ్ళు చెప్తారు. నాలుగోది ట్రైనర్లు. ఒక ఊళ్ళో మంచి ట్రైనర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంటారు, వాళ్ళు ఎక్కడ ఎంతకి చేస్తున్నారు, ఎందుకు మానేశారు అని కనుక్కుంటే సగం మార్కెట్ తెలిసిపోతుంది. మూతపడిన జిమ్ ఓనరు ఎవరైనా మాట్లాడ్డానికి ఒప్పుకుంటే మాత్రం ఒక పూట కూర్చుని వినాలి. 2020లో లాక్‌డౌన్‌లో మూసినవి ఆగస్టు 5 నుంచి తెరవచ్చన్నాక కూడా మళ్ళీ తెరుచుకోనివి చాలా ఉన్నాయి, వాళ్ళందరూ కరోనా వల్లే పోయామంటారు గానీ అద్దె, ఏడాది ఆఫర్లు, అప్పు మీద కొన్న మెషిన్లు, ఈ మూడూ అంతకుముందే మెడకి చుట్టుకుని ఉన్నాయి.

జనాన్ని సర్వే చేస్తానన్నావు. మంచిదే, కానీ "మీ ఏరియాలో మంచి జిమ్ వస్తే చేరతారా" అని మాత్రం అడక్కు. అందరూ చేరతామనే చెప్తారు, మొహమాటం మన రక్తంలోనే ఉంది. జరిగిపోయినదాని గురించి అడుగు. ఎప్పుడైనా జిమ్‌లో చేరారా, ఎక్కడ, ఎంత కట్టారు, ఎన్నాళ్ళు వెళ్ళారు, ఎందుకు మానేశారు. మానేసినవాళ్ళు పాతికమంది దొరికితే చాలు, చేరినవాళ్ళు వందమంది చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది. మానేయడానికి కారణాలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే వినపడతాయి, ఎవరూ పట్టించుకోలేదు, ఏం చెయ్యాలో చెప్పలేదు, సాయంత్రం రష్, ఏసీ వెయ్యరు, పార్కింగ్ లేదు, కుర్రాళ్ళ గోల. "ఫీజు ఎక్కువ" అన్నవాళ్ళని ఇంకో ప్రశ్న అడిగితే చాలామంది వెనకాల ఇందులో ఏదో ఒకటి చెప్తారు.

ఎవరు కస్టమర్లు అన్నదాంట్లో కూడా చాలామంది పొరబడేది కుర్రాళ్ళ దగ్గరే. కుర్రాళ్ళు కనపడతారు, బైకులు వేసుకుని గుంపుగా వస్తారు, జిమ్ నిండుగా అనిపిస్తుంది, కానీ వాళ్ళు మార్చిలో పరీక్షలకి పోతారు, కాలేజీ అయిపోగానే హైదరాబాదో బెంగుళూరో పోతారు. రాజానగరం వైపు యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ ఉన్నాయి కదా స్టూడెంట్లు వస్తారని నువ్వు రాశావు, హాస్టల్లో ఉండే పిల్లలు సాయంత్రం అంత దూరం హైవే మీద నీ దగ్గరికి రారు. పోలీస్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డప్పుడు కూడా కుర్రాళ్ళు పెరుగుతారనుకుంటారు, వాళ్ళకి కావాల్సింది 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, దానికి కాలేజీ గ్రౌండ్ చాలు, ఫ్రీ. ఫ్రీ అంటే గుర్తొచ్చింది, కంబాల చెరువు చుట్టూ, ఘాట్ల మీద, గ్రౌండ్లలో పొద్దున్నే నడిచేవాళ్ళు, పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్ములు, ఇంట్లో యూట్యూబ్ చూసి చేసేవాళ్ళు, వీళ్ళంతా నీకు పోటీయే. వాకింగ్ చేసే నలభై యాభై ఏళ్ళ మనిషి డాక్టర్ చెప్తే తప్ప జిమ్‌కి రాడు, కానీ వచ్చాడంటే మాత్రం వదలడు. షుగర్, మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి ఉన్న ఈ వయసువాళ్ళని జాగ్రత్తగా చూసుకునే జిమ్ ఊళ్ళో ఎక్కడుందో చూడు. లేకపోతే అదే నీ ఖాళీ. ఓఎన్‌జీసీ వాళ్ళలో రెండు వారాలు డ్యూటీ రెండు వారాలు సెలవు మీద వెళ్ళేవాళ్ళుంటారు, ఊళ్ళో లేని రోజులకి ఫీజు ఆపే వీలుంటే చేరతారు, లేకపోతే సగం డబ్బు వృధా అని చేరరు. ఇలాంటి చిన్నవే మెంబర్లని నిలబెడతాయి.

ఆడవాళ్ళ గురించి విడిగా చెప్పాలి. పొద్దున పిల్లల్ని స్కూల్ బస్సెక్కించి, తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఖాళీగా ఉండే ఆడవాళ్ళు ఏ అపార్ట్‌మెంట్లోనైనా ఉంటారు, అదే టైంలో ప్రతి జిమ్మూ ఖాళీగా ఉంటుంది, అద్దె మాత్రం ఇరవైనాలుగు గంటలకీ కడుతున్నాం. ఆ రెండున్నర గంటలు లేడీస్ బ్యాచ్, లేడీ ట్రైనర్, వారానికి మూడు రోజులు జుంబా గానీ యోగా గానీ పెడితే కొత్త మెషిన్ ఒక్కటీ కొనకుండా ఎనభై మంది పెరగొచ్చు. అయితే ముందే కనుక్కో, లేడీ ట్రైనర్ మన ఊళ్ళలో అంత తేలిగ్గా దొరకదు. ఆమె దొరికితేనే ఈ లెక్క, దొరక్కపోతే ఈ ఎనభై నీ కాగితం మీద ఉండకూడదు. మెట్ల దగ్గర లైటు, బయటి గోడకి అద్దాలుంటే రోడ్డు మీదికి కనపడకుండా ఫిల్మ్, విడిగా బాత్రూం, ఇవి లేకపోతే చూసి వెళ్ళిపోతారు, కారణం కూడా చెప్పరు.

సీజన్ సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు గానీ క్యాష్ మొత్తం దాని మీదే నడుస్తుంది. జనవరి మొదటి వారం చేరతారు, సంక్రాంతికి ఊళ్ళకి పోతారు, చుట్టాలొస్తారు, ఇరవయ్యో తారీకు దాకా జిమ్ ఖాళీ. ఫిబ్రవరి బావుంటుంది. మార్చి పరీక్షలు. ఏప్రిల్ మే పిల్లలు ఖాళీ, పెళ్ళిళ్ళ సీజన్, మూణ్ణెల్లలో సన్నబడాలనేవాళ్ళు ఎక్కువ చేరతారు, కానీ గోదావరి జిల్లాల ఎండా ఉక్కా తెలిసిందేగా, ఏసీ బిల్లు రెట్టింపు అవుద్ది. వర్షాలు పడితే పొద్దున బ్యాచ్ సగం. నవంబర్ నుంచి జనవరి మధ్య దాకా అయ్యప్ప మాలలు, మాల వేసుకున్న 41 రోజులూ చాలామంది రారు, ఫీజు ఆపమంటారు, ఆపు, సంతోషంగా ఆపు. రంజాన్ నెలలో ముస్లిం మెంబర్లు రాత్రి తొమ్మిది తర్వాత వస్తామంటారు, ఆ టైం పెట్టగలిగితే పెట్టు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజులూ దాని ముందూ వెనకా ఊళ్ళో ట్రాఫిక్ ఎలా ఉంటుందో 2015లో చూశాం, ఆ నెలలో ఓపెనింగ్ పెట్టుకోకు.

ఇప్పుడు ఖర్చు. నువ్వు చెప్పిన 3000 అడుగులకే వేద్దాం. అడుక్కి 28 చొప్పున అద్దె 84,000. దాని మీద ఒక విషయం చాలామందికి తెలీదు, 2024 అక్టోబర్ 10 నుంచి బిల్డింగ్ ఓనరుకి జీఎస్టీ నంబర్ లేకపోయినా, నీకు రిజిస్ట్రేషన్ ఉంటే కమర్షియల్ అద్దె మీద 18 శాతం నువ్వే కట్టాలి. అంటే ఇంకో 15,000. జిమ్ ఫీజు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గింది, అందరూ సంతోషించారు, కానీ దానితోపాటే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు, తీసేశారు. అందుకే అద్దె మీద కట్టిందీ, మెషిన్ల మీద కట్టిన 18 శాతమూ నీకు వెనక్కి రావు, ఖర్చులోనే రాసుకోవాలి. (ఏడాదికి 20 లక్షల లోపు వసూళ్ళుంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు, చిన్న వ్యాపారాలకి ఉండే కాంపోజిషన్ స్కీంలో లెక్క వేరేగా ఉంటుంది, ఈ రెండూ అగ్రిమెంట్ రాసుకునే ముందే ఆడిటర్ని అడుగు.) కరెంటు కమర్షియల్ మీటరు కాబట్టి ఏడాది సగటున 35,000 వేసుకో. ట్రైనర్లు, రిసెప్షన్, క్లీనింగ్ కలిపి 74,000. రిపేర్లు 10,000, నెట్టూ నీళ్ళూ సాఫ్ట్‌వేరూ 7,000, ప్రచారం 12,000. మెషిన్లకీ ఇంటీరియర్‌కీ 22 లక్షలు పెడితే ఆరేళ్ళలో అరిగిపోతాయనుకుని నెలకి 30,000. నీ జీతం 30,000, ఇది తప్పకుండా వేసుకోవాలి, ఉద్యోగం వదిలి వస్తున్నవాడివి. అన్నీ కలిపి 2 లక్షల 97 వేలు.

వచ్చేది చూడు. బోర్డు మీద 1,200 అని రాసినా మూణ్ణెల్లవాళ్ళకీ ఏడాదివాళ్ళకీ తగ్గించగా మనిషికి నెలకి సగటున 900 పడుతుంది, అందులో జీఎస్టీ తీస్తే 857. 2,97,000ని 857తో భాగిస్తే 347 మంది. అంటే లాభం నష్టం లేకుండా నిలబడాలంటేనే 347 మంది లైవ్ మెంబర్లు కావాలి, ప్రతి నెలా. పైన వేసిన లెక్కలో గీత లోపల ఉన్నది 590, మూడు జిమ్ముల్లో నువ్వు లెక్కపెట్టినవాళ్ళు 410 అనుకుంటే మిగిలింది 180, పాత జిమ్ముల నుంచి అయిదో వంతు లాగినా ఇంకో 80. మొత్తం 260. కావాల్సింది 347, ఉన్నది 260. ఆ రిపోర్టు రాసినవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టలేదు.

అదే 2000 అడుగుల్లో వేద్దాం. అద్దె జీఎస్టీతో 66,000, కరెంటు 24,000, మనుషులు 60,000, రిపేర్లు 7,000, చిల్లర 6,000, ప్రచారం 10,000, 15 లక్షల మెషిన్లకి అరుగుదల 21,000, నీ జీతం 30,000. మొత్తం 2,24,000, భాగిస్తే 261 మంది. సరిగ్గా అంచు మీద. పర్సనల్ ట్రైనింగ్‌కి పదిమంది నెలకి 4,000 చొప్పున వచ్చి ట్రైనర్‌తో చెరిసగం పంచుకుంటే నీకు 20,000 మిగులుద్ది, అప్పుడు 238 మంది చాలు. 260 మంది 2000 అడుగుల్లో పడతారా అంటే పడతారు. రోజుకి 110 మంది వస్తారు, సగం మంది సాయంత్రం రెండున్నర గంటల్లో, మనిషి గంటంపావు ఉంటాడనుకుంటే ఒకేసారి లోపల 28 మంది. రిసెప్షన్ బాత్రూంలు తీసేస్తే 1650 అడుగులు, మనిషికి 59 అడుగులు. 50 కంటే తగ్గనంతవరకూ బానే ఉంటుంది.

చేతిలో డబ్బు ఎన్నాళ్ళు ఆడుతుందో కూడా చూడు. 3000 అడుగులైతే 22 లక్షలు మెషిన్లకీ ఇంటీరియర్‌కీ, ఆరు నెలల అడ్వాన్స్ 5 లక్షలు, మిగిలేది 3 లక్షలు. వందమంది మెంబర్లున్నప్పుడు అరుగుదల పక్కన పెట్టినా నెలకి లక్షా ఎనభై వేలు చేతి నుంచి పోతాయి. మూడు లక్షలు రెండు నెలలు కూడా రావు. 2000 అడుగులైతే దాదాపు పదకొండున్నర లక్షలు మిగులుతాయి, నెలకి లక్షా పదిహేడు వేలు పోయినా పది నెలలు ఊపిరి ఆడుతుంది. మొదటి ఏడాది ఎక్కువమంది జిమ్ములు మూసేది మార్కెట్ లేక కాదు, ఈ ఊపిరి చాలక. అది చాలనప్పుడే "ఓపెనింగ్ ఆఫర్, ఏడాదికి 4,999" అని బ్యానర్ కడతారు, మొదటి నెల అయిదారు లక్షలు కళ్ళ ముందు కనపడతాయి, ఖర్చయిపోతాయి, ఏడో నెలలో జిమ్ నిండుగా ఉంటుంది గానీ కౌంటర్లోకి రూపాయి రాదు. ఏడాది ఫీజు అనేది నువ్వు ఇంకా చెయ్యని పనికి ముందే తీసుకున్న అప్పు. తీసుకుంటే విడిగా ఖాతాలో వేసి నెలకి పన్నెండో వంతే వాడుకో.

నేను మొదట్లో చెప్పిన నాలుగో నెల సంగతి ఇక్కడే తేలుతుంది. నెలకి పాతికమంది కొత్తగా చేరుతున్నారనుకో, ఉన్నవాళ్ళలో నెలకి పదిశాతం మానేస్తుంటే నీ జిమ్ 250 దగ్గర ఆగిపోతుంది, ఇంకెంత ప్రచారం చేసినా అక్కడే తిరుగుతుంది. అదే మానేసేవాళ్ళు ఆరు శాతమైతే అదే పాతికమందితో 400 దాటుతుంది. మెషిన్లు అవే, ఏరియా అదే. పోటీ జిమ్ముల్ని చూసేటప్పుడు అందుకే మొదటి వారమూ చివరి వారమూ లెక్కపెట్టమన్నాను, మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి చూడు, అవే మొహాలు కనపడితే అది నీకు నిజమైన పోటీ, అన్నీ కొత్త మొహాలైతే ఆ జిమ్ పాత మెంబర్లు మానేసి బయట తిరుగుతున్నారు, వాళ్ళే నీ కస్టమర్లు.

పెద్ద చైన్లు వచ్చేస్తే ఎలా అని భయపడ్డావు. రావొచ్చు. వచ్చినా ఏవీ అప్పారావు రోడ్డు, దానవాయిపేట వైపు చూసుకుంటాయి, వాళ్ళ రేటు నీ రేటు కంటే ఎక్కువ ఉంటుంది, ఎవరిది వాళ్ళది. నీకు అసలు ప్రమాదం నీ దగ్గర ఏడాది పనిచేసి ఎదురు వీధిలో సొంతంగా పెట్టుకునే ట్రైనర్. అతను వెళ్తే యాభైమంది వెళ్తారు. దాన్ని ఆపే కాగితం ఏదీ లేదు, జీతం టైంకి ఇవ్వడం, పర్సనల్ ట్రైనింగ్ డబ్బులో వాటా సరిగ్గా ఇవ్వడం, మెంబర్లని నువ్వే పేరు పెట్టి పలకరించడం, ఇంతే.

ఇక చెయ్యాల్సిన వరస. అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనరుతో మాట్లాడు, పనులు జరిగే రెండు నెలలకి అద్దె వద్దనాలి, అయిదేళ్ళు ఆయన ఖాళీ చేయించకూడదు, నువ్వు మాత్రం ఏడాది తర్వాత వెళ్ళిపోగలగాలి, అద్దె ఏడాదికి ఎంత పెరుగుతుందో ఇప్పుడే రాసుకోవాలి. పై అంతస్తయితే ఇంజనీర్ని తీసుకెళ్ళి స్లాబు జిమ్ బరువు ఆగుతుందో లేదో చూపించు, ఇళ్ళకి వేసిన స్లాబు మీద డెడ్‌లిఫ్ట్ చేస్తే కింద అద్దెకున్నవాళ్ళు నెలకే గొడవకొస్తారు. సాయంత్రం ఏడింటికి ముప్పై బైకులు ఎక్కడ నిలుపుతావో నిలబడి చూసుకో. ఇవన్నీ కుదిరాక, అగ్రిమెంట్ సంతకానికి ముందు నెల రోజులు, మెంబర్‌షిప్ కోసం 500 రూపాయలు తీసుకుని పేర్లు రాయించుకో, జిమ్ తెరవకపోతే వెనక్కి ఇచ్చేస్తానని రసీదు మీద రాసి ఇవ్వు, ఆ డబ్బు ముట్టుకోకు. నీ గీత లోపలివాళ్ళు, స్నేహితులూ చుట్టాలూ కానివాళ్ళు, డెబ్భై మంది దాకా 500 కట్టారంటే ముందుకెళ్ళు. ఇరవై దగ్గర ఆగిపోతే డబ్బులు వెనక్కిచ్చి వేరే ఏరియా చూడు, అంత పనీ వృధా అని మనసు గుంజుతుంది, అయినా 30 లక్షలు నీ దగ్గరే ఉన్నాయి కదా.

ముందు ఆ బండి మీద తిరిగే పని, మూడు జిమ్ముల దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే పని చేసి, ఇళ్ళ సంఖ్య, అద్దె రేటు, నువ్వు చూసిన పొద్దున సాయంత్రం అంకెలు నాకు పంపు, 2000 అడుగులకి కూర్చుని మళ్ళీ వేసి చూద్దాం.